రాబోయే చెవి

నా చెవి గురించి మా అరుగు మీద జరిగినంత చర్చ ఏ ఆస్పత్రిలోనూ జరిగి ఉండదు. అందులో నన్ను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు.

ప్రొద్దుటూరులో మాది బంగారం పని చేసేవాళ్ళ వీధి. మా ఆయన నగలు చేస్తాడు. పొద్దున్నే కాఫీ కంటే ముందు ఆయనకు ఆ రోజు రేటు తెలియాలి. ఏ వస్తువైనా సరే, సరుకెంత, తరుగెంత, మజూరీ ఎంత అని విడగొట్టి చూసుకుని గానీ కొనడు. కుక్కర్ కొన్నప్పుడూ అంతే. నా ఎడమ చెవి పూర్తిగా పోయి, కుడి చెవిలో కూడా మాటలు ముద్దముద్దగా వినపడడం మొదలయ్యాక జమ్మలమడుగులో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. వెంటనే మిషన్ పెట్టుకోమన్నాడు. ఆలస్యం చేస్తే మాటను గుర్తుపట్టే శక్తి కూడా తగ్గిపోతుందని, ఆ తర్వాత మిషన్ పెట్టినా చప్పుడే తప్ప మాట తెలియకపోవచ్చని మా ఆయన ఎదుటే చెప్పాడు. మా ఆయన రేటు అడిగాడు. తిరుగు బస్సులో దారంతా ఆయన వేళ్ళ మీద లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు.

ఆ సాయంత్రమే పక్కింటి భాయ్ వచ్చి ఫోన్ తెరిచాడు. కువైట్‌లో చాలా కాలం పనిచేసి వచ్చేసిన మనిషి, ఫోన్ల సంగతులు ఆయనే చెప్పాలి. ఒక పెద్ద కంపెనీ కొత్త ఇయర్‌బడ్స్ తెస్తోందట. పాటలు వినేవేనట, కానీ చెవిటి మిషన్‌లా కూడా పనిచేస్తాయట. మిషన్ ధరతో పోలిస్తే వాటి ధర ఏ మూలకూ రాదట. కంపెనీ మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు.

"తొందరపడగాకు అన్నా. మిషన్‌కు అన్ని దుడ్లు ఏంటికి? ఇది వస్తాంది గదా" అన్నాడు భాయ్.

మా ఆయన నా వైపు తిరిగి, నాకు వినపడేలా గట్టిగా అన్నాడు: "తాళుమే. కొత్తది రానీ."

తాళు అంటే మా వైపు ఆగమని. పుస్తకాల తెలుగులో ఓర్చుకోమని. పెళ్ళయిన నాటి నుంచీ మా ఆయన నోట ఆ రెండూ ఒకటే.

ఇక రోజూ అదే పంచాయితీ. వాదన ముదిరితే ఇద్దరూ అరుచుకునేవాళ్ళు, ఆ అరుపులే నాకు అందేవి. వాటికి చెవి కిందికి దిగే కాడ పొడుగ్గా ఉంటుందా, పొట్టిగా ఉంటుందా? తెలుపేనా, నలుపు కూడా తెస్తారా? పెట్టుకునే డబ్బాకు స్క్రీన్ ఉంటుందని భాయ్ ఎక్కడో చూశాడు.

"డబ్బాకు స్క్రీన్ ఏంటికప్పా? డబ్బాను చెవిలో పెట్టుకుంటారా?" అని మా ఆయన కస్సుమన్నాడు. "అంతా ప్లాస్టిక్కే గదా. మజూరీ మింద మజూరీ ఏస్తాండారు."

కాడ పొట్టిదైతే బరువు నిలవదని, జారి పడుతుందని ఆయన వాదన. జూకాలు చేసే చెయ్యి కదా. ఒకరోజు నన్ను పిలిచి, నా చెవి పట్టుకుని అటూ ఇటూ తిప్పి భాయ్‌కి చూపించాడు, కొట్లో తూకానికి వచ్చిన సరుకులాగా. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ కాడ దగ్గరే ఇద్దరికీ మాటా మాటా పెరిగి కొన్నాళ్ళు అరుగు ఖాళీగా ఉంది. ఇంతకీ అది పెట్టుకుంటే ఎంత వినపడుతుంది అనే ప్రశ్న ఆ ఇద్దరికీ రాలేదు.

బంగారం ఆగి కొనుక్కున్నా బంగారమే. చెవి అలా కాదు. పులివెందులలో ఉన్న మా చెల్లెలు ప్రతి సాయంత్రం ఫోన్ చేసేది. మొదట గట్టిగా మాట్లాడేది, తర్వాత అరిచేది. ఒకరోజు "నీతో అరిసి అరిసి నా గొంతు పోతాందక్కా" అంది. ఆ మాట అర్థం కావడానికి దానితో మూడుసార్లు అనిపించాను. తర్వాత ఫోన్లు తగ్గి, పొద్దున పూట ఫోన్‌లో శుభోదయం అంటూ పువ్వుల బొమ్మలు రావడం మొదలైంది. ఆ పువ్వులను చూసి నేను ఏడ్చిన రోజులున్నాయి.

చివరికి ఇయర్‌బడ్స్ వచ్చాయి. మా ఆయన దసరా ఆఫర్ దాకా ఆగి తెప్పించాడు. ముందు ఫోన్‌లోనే చెవి పరీక్ష చేయాలట. చప్పుడు వినపడినప్పుడల్లా తెర మీద వేలు పెట్టాలి. వేలు గాల్లోనే పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి తెర మీద అక్షరాలు వచ్చాయి. భాయ్ రెండుసార్లు చదివాడు. నా వినికిడి లోపం ఈ వస్తువు సాయం చేయగలిగిన హద్దు దాటిపోయిందట, డాక్టరును కలవమని ఉంది.

"వచ్చే మోడల్‌లో ఇస్తారేమోలే" అన్నాడు మా ఆయన, ఏమీ జరగనట్టు. ఆ ఇయర్‌బడ్స్ ఆయనే పెట్టుకుని పాటలు వినడం మొదలుపెట్టాడు.

నేను నా బంగారు గాజు ఒకటి అమ్మేశాను. చెల్లెలు పులివెందుల నుంచి వచ్చి నన్ను జమ్మలమడుగు తీసుకెళ్ళింది. ఇన్నాళ్ళు ఏం చేశారని డాక్టరు తిట్టాడు, ఆ తిట్లన్నీ నేనే పడ్డాను. ఎడమ చెవికి ఇక ఆశ లేదన్నాడు. కుడి చెవి వెనక మిషన్ పెట్టాడు. చెల్లెలు మామూలు గొంతుతో "అక్కా" అంది. ఇద్దరం అక్కడే ఏడ్చాం.

ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. మిషన్ జుట్టు కింద దాగిపోయింది. సాయంత్రం టీ తీసుకుని అరుగు మీదికి వెళ్ళాను. రాబోయే మోడల్ సంగతి నడుస్తోంది.

"ఈసారి వదినకు సరిపోతాదంటన్నా. రేటే శానా ఎక్కువంట" అంటున్నాడు భాయ్.

మా ఆయన నా చేతిలోంచి గ్లాసు అందుకుంటూనే నవ్వాడు. "దానికి ఏంటికిలే భాయ్? చెవిటిది చెవిటిదిగా ఉంటేనే ఇంట్లో నెమ్మది."

నా ఎదుటే, చెయ్యి చాపినంత దూరంలో. ఇన్నాళ్ళూ నేను టీ ఇచ్చి నవ్వుతూ నిలబడినప్పుడల్లా ఇలాంటివి ఎన్ని అనుకున్నారో ఈ ఇద్దరూ.

"ఇనపడతాంది" అన్నాను.

భాయ్ తల దించుకుని చెప్పులు వెతుక్కున్నాడు. మా ఆయన నా చెవి వైపు చూశాడు. జుట్టు పక్కకు తీసి చూపించాను. సిగ్గుపడతాడేమో, ఒక్క మాట ఏదైనా అంటాడేమో అని చూస్తూ నిలబడ్డాను.

"ఎంతయిందిమే?" అన్నాడు.

అది కూడా స్పష్టంగానే వినపడింది.