మా క్వార్టర్లో మక్క అటుకులు

మొన్న ఖమ్మంలో ఒక పెద్ద దుకాణంలో మా కోడలు సరుకులు తీసుకుంటుంటే, ఊరికే నిలబడలేక అరలు చూస్తూ నడిచాను. ఒక వరస నిండా పొద్దున్నే పాలలో వేసుకుని తినే అటుకుల డబ్బాలే, చాక్లెట్‌వి, తేనెవి, ఆఖరికి జొన్నలవి కూడా. వాటి ముందు నిలబడి నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కనున్న అమ్మాయి నన్ను వింతగా చూసింది. ఆమెకేం చెప్పను? మీకైతే చెప్పుకోవచ్చు.

డెబ్భైల చివర్లో మేము కొత్తగూడెంలో, గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. తాతయ్య పోయాక, బూర్గంపాడు దగ్గరి పల్లెలో ఒంటరిగా మిగిలిన నాయనమ్మను నాన్న మా దగ్గరికి తీసుకొచ్చాడు. వచ్చిందన్న మాటేగాని, అమ్మ ఎంత ప్రేమగా ఉప్మా చేసిపెట్టినా రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపేది, అడిగితే ఆకలి లేదనేది. చూస్తుండగానే మనిషి సగమైపోయింది. ఒకరోజు బట్టలు మూట కట్టుకుని, "నన్ను ఊళ్లె దింపిరా కొడకా, ఈడ నాకు మనసు నిలుస్తలేదు" అంది. ఆదివారం దింపుతానని మాటిచ్చి, డ్యూటీకి వెళ్తూ వాకిట్లో నాన్న కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ శనివారమే, హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనమామ చంకలో ఒక అట్టడబ్బాతో దిగాడు. మక్క అటుకులట, అంటే మొక్కజొన్నలతో చేసినవి, పట్నంలో గొప్పవాళ్లు పొద్దున్నే ఇవే తింటారట. ఆ సాయంత్రమంతా నేనూ తమ్ముడూ ఆ డబ్బాను చెవి దగ్గర ఊపుకుంటూ గడిపాం.

తెల్లారి అందరం చాప మీద వరసగా కూర్చున్నాం. చల్లటి పాలే పోయాలని మామయ్య అంటుంటే, పొద్దున్నే చల్లటి పాలు తాగితే పడిశం పడుతుందని అమ్మ పొంగిన పాలు పొంగినట్టే పోసేసింది. ఎలా తినాలో మామయ్య వివరించేలోపు అటుకులన్నీ మెత్తబడి ముద్దయ్యాయి. తమ్ముడు ఏడుపు మొహం పెట్టాడు. నాయనమ్మ మాత్రం తన గిన్నెలోకి తొంగి చూసి, వేలితో కాస్త తీసి నాలుక మీద రాసుకుని, పకపకా నవ్వడం మొదలుపెట్టింది. తాతయ్య పోయాక ఆ నవ్వు వినడం అదే మొదలు.

"ఏంది బిడ్డా, గింత దూరం నుంచి గట్క మోసుకొచ్చినవా? అదీ ఉప్పు లేని గట్క!"

గట్క అంటే జొన్న రవ్వ ఉడికించి, మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేది. నాయనమ్మకు ఊళ్లో రోజూ పొద్దుటి తిండి అదే. అమ్మకు అప్పుడు తట్టింది.

"గట్క కావాలంటే చెప్పొద్దా అత్తమ్మా?"

"క్వార్టర్ల గట్క వండుకుంటే నలుగురు నవ్వరా?"

"నవ్వితే నవ్వనియ్యి. రేపటి సంది నువ్వే వండు, నాకూ పెట్టు."

నాయనమ్మ కొంగు దోపుకుని లేచి, డబ్బాలో మిగిలిన అటుకులకు పల్లీలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లితో పోపు వేసింది. ఆ ఘాటుకు తుమ్ముకుంటూ ఇరుగుపొరుగు వాళ్లంతా వచ్చి, తలా పిడికెడు తిన్నారు. అందరికంటే ఎక్కువ తిన్నది మామయ్యే. నాన్న ఊరి బస్సు సంగతి మరిచిపోయినట్టు నటిస్తూ సంచి పట్టుకుని జొన్నల కోసం అంగడికి బయల్దేరాడు, నాయనమ్మ కూడా గుర్తు చేయలేదు.

ఆ తర్వాత ఆమె చివరిదాకా మాతోనే ఉంది. పొద్దున్నే మా వాకిట్లో కాలనీ పిల్లలంతా గిన్నెలతో చేరేవాళ్లు, నవ్వుతారనుకున్న అమ్మలక్కలే రవ్వ ఎలా విసరాలో నేర్పమని అడిగేవాళ్లు.

ఇప్పుడు తిండికి కొదవ లేదు, సంతోషమే. కానీ ఎవరి వేళ వాళ్లది, ఎవరి గిన్నె వాళ్లది. నిలబడే తినేసి వెళ్లిపోతారు. నాకూ అలవాటైంది. ఆదివారం మాత్రం అందరూ లేచి వచ్చేదాకా తినకుండా కూర్చుంటాను. ఆకలేస్తుంది. ఆ ఆకలి ఎందుకో బాగుంటుంది.