రెక్కల షెడ్డు మూతపడకూడదని నాంపల్లికి

యుద్ధం ముగియగానే బెంగళూరులోని మా విమానాల కర్మాగారం సగం మందిని ఇంటికి పంపేసింది. రెక్కలకు రేకులు బిగించే షెడ్డుకు నేను మేస్త్రీని. కొన్ని నెలలకు మళ్లీ రెక్కల పని వచ్చింది. "పాత పనివాళ్లు తిరిగి రాకపోతే షెడ్డు మూసి బస్సులు కట్టిస్తాం" అన్నాడు మేనేజరు. ఏళ్లు కష్టపడి నేర్చిన విద్య మట్టిపాలవుతుంటే ఒళ్లు మండింది. ఇంటికి పంపినవాళ్లలో అందరికంటే పనిమంతుడు నర్సింలు. అతను వస్తే మిగతావాళ్లూ వస్తారు. అందుకే అతని ఊరు హైదరాబాదుకు బయలుదేరాను.

గుంతకల్లులో, వాడిలో బండి మారి మర్నాడు పొద్దున నాంపల్లిలో దిగాను. వాడిలోనే కొంత డబ్బు నిజాం రాజ్యపు హాలీ సిక్కాలోకి మార్చుకోవడం మంచిదైంది. టాంగా కిరాయి నాలుగణాలు.

"రేకుపని నర్సింలా? ఎర్కే సాబ్, జర గట్టిగ కూసోన్రి" అన్నాడు టాంగావాలా.

అబిడ్స్ వైపు సందులో, ట్రంకుపెట్టెల దుకాణంలో దొరికాడు. రెక్క రేకును వేలితో తడిమి వదులైన రివెట్టు మేకును పట్టేసే మనిషి, పెట్టెకు గొళ్లెం బిగిస్తున్నాడు. వచ్చిన పని చెప్పాను. సుత్తి పక్కన పడేశాడు.

"లడాయి ఉన్నన్ని దినాలు రాత్రింబగళ్లు చేయించుకున్రు. అయిపోంగనే పొమ్మన్రు. మల్ల ఎన్ని దినాలకు పిలుస్తున్రు మేస్త్రీ?"

దుకాణం సేటు నవ్వాడు. "ఇమానాలు ఇంగ్లండోళ్లు అమ్ముతరు గద సాబ్. మనం చేసుడెందుకు?"

"రేపు స్వరాజ్యం వచ్చాక ఎవడైనా మన మీదికొస్తే? వాళ్లు అమ్మం పొమ్మంటే? ట్రంకుపెట్టెలు ఎగరేస్తామా?" అని అరిచాను. "షెడ్డు మళ్లీ కట్టుకోవచ్చు. ఈ చేతులెక్కడ తెస్తారు?"

నర్సింలు మళ్లీ సుత్తి అందుకున్నాడు. ఎన్ని దినాలకో మేనేజరే చెప్పాలి. నేరుగా తంతి ఆఫీసుకు నడిచి మేనేజరుకు తంతి కొట్టాను: "ఏడాది పని ఖాయం చేయండి. లేదంటే నేనూ రాను."

మర్నాడు మధ్యాహ్నానికి ఒప్పుకుంటూ జవాబొచ్చింది. చదివి వినిపించాను.

"ఏడాదైనంక?" అన్నాడు నర్సింలు.

తంతి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"సరే, వస్త. గా ఏడాదిల నలుగురికి నేర్పిస్త. నన్ను మల్ల ఎల్లగొట్టినా పనైతె ఉంటది."

తిరుగు ప్రయాణంలో కూడా నా కోపం చల్లారలేదు. చేయగలిగిన వాళ్లను వీధిపాలు చేసి, విమానాల కోసం పరాయివాడి గుమ్మంలో నిలబడితే అది స్వరాజ్యం ఎలా అవుతుంది? తమ షెడ్డు మనుషులను వెతకబోయే మేస్త్రీలకు ఒకటే చెబుతాను: పని ఖాయమని ముందు పైవాళ్లతో రాయించుకోండి, తర్వాతే రైలెక్కండి.