అప్ప ఇల్లు, నా టేపు

ఇళ్ళ ప్లాన్లు చూసే ఉద్యోగంలో చేరిన మొదటి ఆర్నెల్లు నాకు తెలియనిది లోకంలో లేదు. ఇప్పుడు తెలియనివే ఎక్కువ కనిపిస్తున్నాయి గానీ, ఆ రోజుల్లో మెడలో ఐడీ కార్డు, సంచిలో కొలతల టేపు, బుర్రలో నిబంధనల పుస్తకం మొదటి పదిహేను పేజీలు (మిగతావి తీరిగ్గా చదువుదామనుకున్నాను) పెట్టుకుని కళింగపట్నం వీధుల్లో స్కూటీ మీద వెళ్తుంటే, వంకర గోడలు నన్ను చూసి వాటంతటవే సర్దుకుంటాయని నా నమ్మకం.

అలా తిరుగుతూ ఒకరోజు అప్ప జాగా దగ్గర ఆగాను. ఎండుచేపలు అమ్ముకునే ఒంటరి మనిషి. ఊరంతా ఆవిడని అప్ప అనే పిలుస్తారు, అంటే అక్క అని. ఇరవై ఏళ్ళు తమ్ముడి వరండాలో పడుకుని, చివరికి తన వాటాకి వచ్చిన చేపలారబెట్టే జాగాలో ఒక గది కట్టుకుంటోంది. జాగా పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. గోడలు హద్దుకి అంటుకుని మోకాలెత్తు లేచాయి.

"నాలుగు వైపులా మీటరు చొప్పున ఖాళీ వదలాలి. పని ఆపండి," అన్నాను.

అప్ప కోప్పడలేదు. "మీటరంటే ఎంత పాపా? వదిలీసి, మిగిలింది గీసి సూపించు," అంది.

పుల్లతో ఇసుకలో గీశాను. గీస్తుండగానే నాకు అనుమానం వచ్చింది గానీ, వీధి జనమంతా చూస్తున్నారు, ఆపలేను. మిగిలింది మూడున్నర అడుగుల వెడల్పు, అయిదున్నర అడుగుల పొడవు (గోడల మందం పోను ఇంకా తక్కువ). అప్ప చీర సర్దుకుని ఆ గీతల మధ్య వెల్లకిలా పడుకుంది. పొడవాటి మనిషి, పాదాలు రెండూ గీత దాటి బయటికొచ్చాయి.

"తలకి ఇల్లయినాది. కాళ్ళకి ఏరే ప్లాను ఎయ్యాలేటి?" అంది ఆకాశం కేసి చూస్తూ.

జనం నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ మింగేసి, "రూలంటే రూలే," అన్నాను. మేస్త్రీ తాపీ కడుక్కుని వెళ్ళిపోయాడు. అప్ప లేచి వీపుకంటిన ఇసుక దులుపుకుంది. "వానలొస్తన్నాయి పాపా. లోపల్నుంచి నాను గెడ ఎట్టుకునే తలుపొకటి ఉంటే సాలు. అంతకంటే ఏటీ అడగనేదు," అంది మెల్లగా.

ఆ మాటతో రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే ఆఫీసులో మా పెద్దసారుకి చెప్పాను. ఆయన ఫైల్లోంచి తలెత్తకుండానే, "పదహారో పేజీ సదివేవా అమ్మా?" అన్నారు. తిప్పి చూశాను. అంత చిన్న జాగాలకి ఖాళీ వదలక్కర్లేదట. చూరు నీళ్ళు పక్కవాళ్ళ జాగాలో పడకుండా చూసుకుంటే చాలట. అది రాత్రికి రాత్రి ఎవరో అచ్చేశారేమో అన్నట్టు ఆ పేజీని రెండుసార్లు తడిమాను.

వెళ్ళి తప్పు ఒప్పుకుంటే అప్ప తిట్టలేదు. "అయితే మేస్త్రీని నువ్వే ఎతికి తే," అంది. అతను అప్పటికే శ్రీకూర్మంలో ఎవరిదో ప్రహరీ గోడ ఒప్పుకున్నాడు. "ఆపమన్నదీ మీరే, రమ్మన్నదీ మీరే. రేపు ఇంకే పేజీ సదువుతారో," అన్నాడు. ఆ గోడ అయితేగానీ కదలనన్నాడు. ఐడీ కార్డు సంచిలో దాచేసి, సాయంత్రం దాకా ఇటుకలందించాను. మర్నాడు వచ్చాడు.

వానలకి ముందే ఇల్లయింది. గృహప్రవేశానికి పిలిచింది. లోపల నలుగురం సర్దుకుని కూర్చుంటే, మిగతా చుట్టాలు సందులో నిలబడి పులిహోర తిన్నారు. అప్ప నా భుజం మీద చెయ్యేసి అందరికీ చూపించింది: "నా ఇల్లు ఆపీసింది ఈ పాపే. మేస్త్రీని లాక్కొచ్చిందీ ఈ పాపే."

అది నిష్ఠూరమో మెప్పో నాకిప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఎన్నో మేడలు కొలిచాను, నన్నలా చుట్టాలకి చూపించినవాళ్ళు లేరు. స్కూటీ మీద నిటారుగా కూర్చుని దూసుకుపోయే ఆ పిల్ల గుర్తొస్తే, కాస్త మెల్లగా పోవే తల్లీ అనాలనిపిస్తుంది. అన్నా వినేది కాదు లెండి.