కౌగిలి కొలత

మెడలో టేపు లేకుండా మిషనమ్మను ఆ వీధిలో ఎవరూ చూసి ఎరుగరు. పొద్దున్నే తలుపు తీస్తూ మెడలో వేసుకుందంటే మళ్ళీ దీపాలు పెట్టాకే తీయడం. వీధివైపు గది, కిటికీ పక్కన కాళ్ళతో తొక్కే పాత కుట్టు మిషను, దాని కింద గుడ్డపీలికల బుట్ట, ఇదీ ఆమె రాజ్యం. మోటారు పెట్టించుకోవచ్చుగా అని ఎవరైనా అంటే, "నా కాళ్ళకి వేరే పనేముందమ్మా?" అనేది. కొలతలు తీసేటప్పుడు మాత్రం మహా కోపిష్టి. "పొట్ట లోపలికి లాక్కోకు. రేపు ఆ బట్టలో అన్నం తినేది నువ్వే!" అని కసిరేది. ఎంతటివాళ్ళయినా ఆమె ముందు బుద్ధిగా చేతులు చాపి నిలబడాల్సిందే.

అయితే ఆ టేపు ఇంటివాళ్ళకు కాదు. ఇంట్లో ఎవరి పుట్టినరోజు దగ్గరపడినా వాళ్ళు ఒకసారి మిషను దగ్గరికి రావాలి. ఆమె టేపు తీసి పక్కన పెట్టేది. పెద్దవాళ్ళయితే లేచి నిలబడి, పిల్లలైతే స్టూలు మీద కూర్చునే, రెండు చేతులతో చుట్టేసి, కళ్ళు మూసుకుని "ఊఁ" అనేది. అంతే, కొలత అయిపోయినట్టే. తిన్నగా వెళ్ళి గుడ్డ మీద కత్తెర పెట్టేది. తన కుడిచేతి వేళ్ళు ఎడమచేతి మీద ఎక్కడిదాకా వచ్చాయో, ఎదుటివాళ్ళ గడ్డం తనకు ఎక్కడ తగిలిందో, అదే ఆమె లెక్క. పోయిన భర్తకు అలాగే కుట్టింది. కూతురికీ అంతే. మనవరాలికి పుట్టిన దగ్గర్నుంచీ అలాగే కుడుతోంది. ఏనాడూ ఒక్క కుట్టు విప్పే పని పడలేదు. "టేపు పరాయివాళ్ళకి. మనవాళ్ళకి చేతులు చాలవూ?" అంటూ ముసిముసిగా నవ్వేది. ఆ మురిపెం చూసి తీరాలి!

ఇంటివాళ్ళలో మినహాయింపు ఒక్కడే, అల్లుడు. అతను బస్సు డ్రైవరు. నెమ్మదస్తుడు, పొడగరి. పెళ్ళి చొక్కా కుట్టినప్పుడు ఇంకా పరాయివాడే గనుక టేపు పెట్టింది. ఆ తర్వాత ఏటా అతని పుట్టినరోజుకూ టేపే పెట్టింది. అతను వచ్చి రెండు చేతులూ బారచాపి నిలబడేవాడు, ఆమె కొలిచి "సరే బాబూ" అనేది, అతను చేతులు దించి వెళ్ళిపోయేవాడు. అల్లుణ్ణి కౌగిలించుకోవడమేమిటి, నలుగురూ నవ్వరూ? నిజం చెప్పాలంటే ఆమె అంతదూరం ఆలోచించనే లేదు. అతనూ నోరు తెరిచి ఎన్నడూ అడగలేదు.

ఇంతలో మాయదారి రోగం వచ్చిపడింది. వీధులకు వీధులే తలుపులు వేసుకున్నాయి. కూతురు ఆసుపత్రిలో నర్సు. ఫోను చేసి ఖరాఖండిగా చెప్పేసింది.

"అమ్మా, నేను పొద్దస్తమానం రోగుల మధ్య ఉంటున్నా. నీ వయసుకి, నీ ఆయాసానికి, మేమెవరం నీ గడప తొక్కకూడదు. నువ్వూ రాకూడదు. మొండికేశావంటే ఊరుకోను."

రెండు వీధుల అవతలే కూతురి ఇల్లు. ఆ ఇంట్లో కూడా ఆమె ముందు గదిలో ఒక్కతే ఉంటోంది. భర్త, పిల్ల వెనక గదుల్లో. మధ్యన అద్దాల తలుపు. బస్సులు ఆగిపోయాయి గనుక అల్లుడే ఇల్లు చూసుకుంటున్నాడు. అప్పుడప్పుడూ కూరగాయల సంచీ తెచ్చి మిషనమ్మ గేటుకు తగిలించి, వీధి అవతలికి వెళ్ళి నిలబడి, "అత్తయ్యగారూ, మందులున్నాయా?" అని కేకేసి అడిగేవాడు.

అబ్బ, అవేం మధ్యాహ్నాలు! వీధిలో బండి చప్పుడన్నది లేదు. ఎండ కిటికీలోంచి దిగి, గదంతా తీరిగ్గా నడిచి, గోడెక్కి వెళ్ళిపోయేది. మిషనమ్మ ఆసుపత్రికి మాస్కులు కుట్టి కుట్టి, చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి, మాగన్నుగా కునుకు తీసేది. కునుకులో కిటికీ తెర గాలికి ఉబ్బేది. తెర వెనక మనవరాలు దాక్కుంది. అవిగో భుజాలు, అదిగో మోచెయ్యి, అదిగో నవ్వాపుకోలేక కదులుతున్న పొట్ట. చేతులు చాచి ఒడిసిపట్టుకుంటే గాలి కాస్తా పోయి తెర ఒళ్ళో వాలిపోయేది. "ఓసి మిడతా, ఎంతకని దాక్కుంటావే?" అని ఆ తెరనే ముద్దుగా తిట్టేది. ఒక్కచోట కాలు నిలవదని మనవరాలికి మిడత అనే పేరు స్థిరపడిపోయింది. మెలకువ వచ్చాక కూడా మిషనమ్మ కాసేపు చేతులు చాచుకునే ఉండేది. చాచిన చేతుల మధ్య ఇంకా వెచ్చగా ఉన్నట్టు అనిపించేది.

మొదట వచ్చింది కూతురి పుట్టినరోజు. పెద్దవాళ్ళ ఒళ్ళు ఏడాదిలో మారుతుందా ఏమిటి, పోయినేటి కౌగిలి చేతుల్లో భద్రంగానే ఉందిగా అనుకుని, లేత ఆకుపచ్చ గౌను కుట్టి గేటుకు తగిలించింది. పుట్టినరోజు నాడు ఫోను తెరలో అందరూ కనబడ్డారు. అల్లుడు తలుపుకు ఇవతల కేకు పట్టుకున్నాడు, మిడత చప్పట్లు కొట్టింది. తలుపుకు అవతల కూతురు కొత్త గౌనులో నిలబడి నవ్వింది. తనవైపు బల్ల మీదున్న కొవ్వొత్తి ఊదడానికి పక్కకు తిరిగిందో లేదో, వీపు మీద వరసగా బట్టల క్లిప్పులు కనిపించాయి. గౌను అంత వదులైపోతే, తల్లికి తెలియకుండా వెనక్కి లాగి బిగించుకుంది పిచ్చిపిల్ల!

మిషనమ్మకు గుండె గుభేలుమంది. గౌను కుదరనందుకు కాదు, తన బిడ్డ అంతలా చిక్కిపోయినందుకు, ఆ సంగతి తన చేతులకు తెలియనందుకు. "బాగుందే అమ్మా" అన్న కూతురి మాటకు "ఆఁ, ఆఁ" అని ఫోను పెట్టేసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ రోజంతా మిషను తొక్కలేదు.

ఇక మిడత పుట్టినరోజు వచ్చింది. పసుపు రంగు గుడ్డ ఎప్పుడో తీసిపెట్టింది. కత్తెర పెడదామంటే చెయ్యి సాగదు. పెద్దదే అంత మారిపోతే, ఎదిగే పిల్ల ఎంత మారి ఉంటుంది? గౌను బిగుతైతే ఆ పిల్ల ఏమనుకుంటుంది, అమ్మమ్మ నన్ను మరిచిపోయింది అనుకోదూ? ఆ ఒక్క భయం ఆమెను నిలవనివ్వలేదు. చివరికి పట్టు సడలించి తనే, తెరలో మనిషి కనబడేలా ఫోను చేసింది.

"బాబూ, ఇంట్లో టేపుందా? పిల్లని కొలిచి చెప్పండి."

అల్లుడు టేపు వెతికి తెచ్చాడు. దాన్ని చూడగానే మిడత ఒక్క గెంతున వెళ్ళి మంచం కింద దూరింది.

"నాకొద్దు! టేపు నాన్నకి! నాకు అమ్మమ్మ చేతులతోనే కొలుస్తుంది! నేనేమన్నా పరాయిదాన్నా?"

అల్లుడు మంచం పక్కన చతికిలబడి చిన్నగా నవ్వాడు.

"నిజమే తల్లీ. టేపు నాది. నీకెందుకులే" అంటూ టేపును ఉండచుట్టి జేబులో పెట్టుకున్నాడు.

అతని నవ్వులో నిష్ఠూరం ఆవగింజంత కూడా లేదు. అదే మిషనమ్మకు మరీ గుచ్చుకుంది. ఇన్నేళ్ళూ తన ముందు చేతులు చాపి నిలబడ్డ మనిషి కళ్ళముందు కదిలాడు.

మిషనమ్మ "బాబూ, మీరు స్టూలు మీద కూర్చోండి" అంది. "ఇవాళ నా చేతులు మీరే. అమ్మా మిడతా, బయటికి రా. నాన్న చేతులతో నేనే కొలుస్తాను."

మిడత మంచం కిందనుంచి తల బయట పెట్టింది. "నిజంగా నువ్వేనా?"

"నేనేనే భడవా!"

పిల్ల వచ్చి తండ్రి ముందు నిలబడింది. అతను మొహమాటంగానే చేతులు చుట్టాడు.

"కళ్ళు మూసుకో నాన్నా" అని పిల్ల గదమాయించింది. "అమ్మమ్మ మూసుకుంటుంది. ఊఁ అని కూడా అనాలి."

"ఊఁ" అన్నాడతను.

"అలా కాదు. మెల్లిగా."

అతను కళ్ళు మూసుకుని మెల్లిగా అన్నాడు. అద్దాల తలుపు అవతల కూతురు ఎప్పుడొచ్చిందో, అరచెయ్యి అద్దానికి ఆనించి చూస్తోంది. ఆ రోగం వచ్చినప్పటి నుంచీ ఆమె తన పిల్లను తాకింది లేదు. చూస్తూ చూస్తూనే ఆమె కళ్ళు నిండిపోయాయి.

మిషనమ్మ ఫోను దగ్గరికి వంగి అడిగింది. "మీ కుడిచేతి వేళ్ళు ఎక్కడికొచ్చాయి బాబూ?"

"ఎడమ మోచేతి మడత మీద ఉన్నాయండీ."

"దాని గడ్డం?"

"నా చొక్కా రెండో గుండీ మీద."

ఆ చొక్కా తను కుట్టిందే. ఆ గుండీలు తను పెట్టినవే. అతని చెయ్యి పొడవు, భుజం వెడల్పు ఏటేటా టేపుతో కొలిచి కొలిచి, నిద్రలో అడిగినా చెబుతుంది. మిషనమ్మ కళ్ళు మూసుకుంది. ఆ పొడుగాటి చేతులు తన చేతులయ్యాయి. వాటి మధ్య మిడత ఉంది, కాస్త పొడవైంది, భుజాలు కాస్త విచ్చుకున్నాయి, జుట్టు వాసన కూడా వచ్చినట్టే ఉంది.

"ఊఁ" అంది. ఫోను కింద పెట్టి తిన్నగా వెళ్ళి పసుపు గుడ్డ మీద కత్తెర పెట్టింది.

పుట్టినరోజు నాడు ఫోను ముందు కూర్చోలేక, లేవలేక, ఆమె పడ్డ అవస్థ చెప్పనలవి కాదు. తెర మీదికి మొదట పసుపు రంగు వచ్చింది, తర్వాత మిడత వచ్చింది. అక్కడే గెంతి, గిర్రున తిరిగి, చేతులు పైకెత్తింది. భుజం దగ్గర ముడత లేదు, నడుము దగ్గర లాగుడు లేదు.

"అమ్మమ్మా, నువ్వే కొలిచావు! నాకు తెలిసిపోయింది!" అని అరిచింది.

మిషనమ్మకు ప్రాణం లేచొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. పిల్ల వెనక అల్లుడు కేకు పట్టుకుని, ఎప్పట్లాగే ఒక పక్కకు ఒదిగి నిలబడ్డాడు. ఆమె ఈసారి అతణ్ణి కూడా చూసింది.

కొన్నాళ్ళకు టీకాలు వేశారు, తలుపులు తెరుచుకున్నాయి. కూతురు వచ్చి తల్లిని వాటేసుకుని ఎంతకీ వదల్లేదు. "ఎముకల గూడువైపోయావే!" అంటూ మిషనమ్మ తిట్టింది, మళ్ళీ దగ్గరికి లాక్కుంది. మిడత ఇద్దరి మధ్యా దూరింది. కూతురు ఒక చేత్తో తన పిల్లను పొదివి పట్టుకుంది.

అల్లుడు గుమ్మం దగ్గరే ఆగాడు. మరుసటి వారమే అతని పుట్టినరోజు. అలవాటు కొద్దీ ముందుకొచ్చి, మిషను పక్కన, తన చోట తను నిలబడి రెండు చేతులూ బారచాపాడు.

మిషనమ్మ మెడలోంచి టేపు తీసింది. తీసి మిషను మీద పెట్టేసింది.

"అత్తయ్యగారూ..." అని అతను తడబడ్డాడు.

"కదలకు నాన్నా" అంది. ఇన్నేళ్ళలో అతణ్ణి 'నువ్వు' అనడం అదే మొదలు. రెండు చేతులూ చుట్టేసి అతని గుండెల మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఇంట్లో కూర్చుని కూర్చుని అతను ఒళ్ళు చేశాడు, ఆమె వేళ్ళు ఒకదానికొకటి అందనే లేదు. ఎక్కడిదాకా వచ్చాయో చూసుకోవాలన్న సంగతే ఆమెకు తట్టలేదు. అతని చేతులు కాసేపు గాల్లోనే ఉండి, తర్వాత మెల్లిగా ఆమె వీపు మీదికి దిగాయి.

మిడత కింద నుంచి ఆమె కొంగు లాగింది. "అమ్మమ్మా, ఊఁ అనలేదు!"

ఆ ఏడాది అతని చొక్కా బాగా వదులుగా వచ్చింది. విప్పి సరిచేస్తానని మిషనమ్మ ఎంత బతిమాలినా అతను ఇవ్వలేదు. ఇలాగే బాగుందని, దాన్నే వేసుకుని బస్సు నడుపుతున్నాడు.