నిమ్మచెట్టుకు పోసిన నీళ్లు

ఇంటింటికీ సెల్‌ఫోన్లు రాని రోజుల్లో కోడలిగా బుక్కరాయసముద్రం వచ్చాను. వచ్చీ రాగానే కందిపప్పు ఏడిపించింది. గంటసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉండేది. బోరునీళ్లు అలాంటివి. బకెట్లకు తెల్లటి పొలుసు, తలకు పోసుకుంటే నురుగే రాదు. చివరికి మా ఆయన ఒక సాఫ్ట్‌నర్ పెట్టించాడు. నిలువెత్తు డబ్బా, లోపల ఆవగింజలంత తేనెరంగు పూసలు.

నీళ్లలోని సున్నాన్ని ఆ పూసలు పట్టుకుంటాయట. పదిరోజులకోసారి ఉప్పునీళ్లతో కడిగితే వదిలేస్తాయట. కడిగిన నీళ్లు కాలవలోకి వదలాలని బిగించినతను చెప్పాడు. ఆ పని నేనే తీసుకున్నాను. ఏదైనా ఎందుకో తెలిసేదాకా నాకు అన్నం సయించదు.

"ఉప్పునీళ్లకు మళ్లా ఉప్పు పోస్తే సప్పగయితాయా? బాగుండాదమ్మా నీ సదువు!" అని అత్త నవ్వింది. ఒక సీసాలో బోరునీళ్లు, ఇంకోదాంట్లో డబ్బాలోంచి వచ్చిన నీళ్లు పట్టి, సబ్బుముక్క వేసి గిలకొట్టి చూపించాను. నురుగొచ్చిన సీసాను అత్త తానే మరో రెండుసార్లు ఊపి చూసింది.

కానీ నీళ్లు కాలవలోకి పోతుంటే తట్టుకోలేకపోయింది. బియ్యం కడిగిన నీళ్లతో నాలుగేళ్లు నిమ్మచెట్టును బతికించిన మనిషి. ఆ ఏడే తొలిపూత. వేలు చూపిస్తే రాలిపోతుందని నన్ను దగ్గరికి కూడా రానిచ్చేది కాదు.

"ఇన్ని నీళ్లు పారబోస్తాండావే, పాపం తగల్తాది. ఇట్లియ్యి!" అని బకెట్టు పట్టి చెట్టుకు పోసింది.

నేను వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. ఉప్పు, చేదు.

"అత్తా, ఇవి చెట్టుకు పడవేమో."

"ఈ సీమలో నీళ్లొద్దనే చెట్టు యాడుండాది?"

ఆమెను ఆపవచ్చు. ఆపలేదు. నిజం చెప్పొద్దూ, ఏమవుతుందో చూద్దామన్న దురద నాకూ ఉంది.

మూడోసారి కడిగాక ఆకుల అంచులు మాడాయి, పూత రాలింది. అత్త దిష్టి తీసింది, వేపపిండి వేసింది. నెల తిరక్కుండానే చెట్టు మోడైపోయింది. నా బుద్ధి గడ్డి తిన్నది, ఇక దాచలేకపోయాను.

"ఆ ఉప్పునీళ్లే అత్తా. నాకు ముందే అనుమానం. చూద్దామని ఊరికే ఉన్నా."

తిడుతుందనుకున్నాను. ఎండిన కొమ్మ పట్టుకుని నిలబడింది.

"నీళ్లు లేక సచ్చిన చెట్లను శానా సూసినా. నీళ్లు పోసి సంపుకుంటినా!"

తర్వాత కడిగే రోజు నేను పైపు విప్పగానే అత్త లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నీళ్ల చప్పుడు ఆగేదాకా బయటికి రాలేదు.