మీటరు లేని పట్టీ

నానో టెక్నాలజీ అనే మాట మన పేపర్లలో అప్పుడప్పుడే కనపడుతున్న రోజులు. నేను దాని మీదే పరిశోధన చేస్తున్నాను. చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళ్లే బస్సులో నా చేతిలోని ప్లాస్టిక్ పట్టీని పక్కసీట్లో ఆయన వింతగా చూశాడు. పత్తిచేలకు పురుగుమందు కొట్టే కూలీనని చెప్పుకున్నాడు.

"ఏంటండీ అది?"

"జింక్ ఆక్సైడ్ పూతండీ. గాలిలో విషముంటే పట్టేస్తుంది," అన్నాను గొప్పగా. ముందు సీటువాళ్లు కూడా తల తిప్పారు.

"నాకు ముక్కు పోయిందండి. మందు వాసనే తెలీదు, గాలి నా మీదికి తిరిగినా కొడతానే ఉంటా. ఓ ముక్క ఇస్తారా?"

ఇచ్చాను. మీటరుకు తీగలతో కలిపితేనే అది ఏదైనా చెబుతుందనీ, మా ల్యాబులో స్పిరిట్ ఆవిరిని తప్ప ఇంకా దేన్నీ పట్టలేదనీ చెప్పాల్సింది. అందరూ చూస్తున్నారు. చెప్పలేదు.

ఆయన పట్టీని చొక్కా జేబులో పెట్టి, గుండీ పెట్టుకున్నాడు. "ఇంక మూతికి గుడ్డ కట్టక్కర్లేదు. ఎండలో దాంతో ఊపిరాడక చస్తన్నా," అని నవ్వుతూ యడ్లపాడులో దిగాడు.

ఎవరో మూటలు ఎక్కిస్తుంటే బస్సు అక్కడే చాలాసేపు ఆగింది. ఆయన రోడ్డు దాటి నడిచిపోవడం కనపడుతూనే ఉంది. నా పక్క కిటికీ తెరిచే ఉంది.