కరుణాకర్ బొమ్మల కవర్లు

నాంపల్లి స్టేషన్ రోడ్డులో మా జిరాక్స్ షాపు పక్కనే మందుల షాపు. ఆ కౌంటర్ వెనక ఇరవై ఆరేళ్లుగా నిలబడుతున్నవాడు కరుణాకర్. చదువురానివాళ్లకు కాగితపు కవరు మీద పొద్దుటి గోలికి సూర్యుణ్ని, రాత్రి గోలికి చంద్రుణ్ని గీసి ఇస్తాడు. "ఇంత కళాకారుడివి, గోలీల మధ్య ఏం చేస్తున్నావయ్యా?" అని ఏడిపించేవాణ్ని. అతని అలవాటు ఒక్కటే నాకు గిట్టేది కాదు. అడిగిన మందు లేకపోతే లేదని చెప్పడు. "గదే మందు, కంపెనీ వేరే" అని ఇంకోటి కత్తిరించి ఇస్తాడు. గిరాకీ ఉత్త చేతుల్తో వెళ్తే అతనికి తల తీసేసినట్టుంటుంది.

ఎదురుగా ఫుట్‌పాత్ మీద పూలమ్మే కోటేశ్వరమ్మకు నా అనేవాళ్లు లేరు. ఉన్నదల్లా రాణి అనే పిల్లి. పూలబుట్ట పక్కన గోనెసంచి మీద పడుకునేది. మొన్న వేసవిలో అది మెడ గోక్కుని గోక్కుని పుండు చేసుకుంది. పశువుల డాక్టరు అలర్జీ అని చెప్పి, సాదా సెట్రిజిన్ పూటకు సగం చొప్పున రాశాడు.

ఆ రోజు షాపులో సాదాది అయిపోయింది. కరుణాకర్ జలుబు గోలి తీశాడు. "దీంట్ల గది గూడ ఉంటది పెద్దమ్మా. జర జల్ది తగ్గుతది. రేపు పొద్దుగాల్నుంచి ఎయ్యి" అని దాన్ని సగానికి కోసి, కవరులో వేసి, సూర్యుణ్ని, చంద్రుణ్ని గీశాడు. నేను పక్కనే టీ తాగుతూ చూశాను. నాకేం తెలుసు?

మర్నాడు మధ్యాహ్నం ఆమె పిల్లిని కొంగులో చుట్టుకుని పరుగెత్తుకొచ్చింది. దాని మొహం వాచింది. చిగుళ్లు మట్టిరంగుకు తిరిగాయి. నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తోంది.

"పొద్దుగాల సగం గోలి ఏసిన బిడ్డా. గిట్లయిందేంది?"

ముగ్గురం ఆటో ఎక్కాం. అబిడ్స్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. హారన్లు తప్ప ఏమీ కదల్లేదు. ఆ పావుగంట ఆమె పిల్లి చెవిలో ఏదో చెబుతూనే ఉంది. కరుణాకర్ మిగిలిన గోలీల షీటును వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదువుతున్నాడు.

పశువుల దవాఖానలో పిల్లిని లోపలికి తీసుకెళ్లారు. ఆమె వెంటే వెళ్లింది. డాక్టరు బయటికొచ్చి షీటు చూశాడు. "దీంట్ల జ్వరం మందు కలిసి ఉంది. మనిషికి మంచిదే, పిల్లికి విషం. సాదాదని రాసిన కదా! ఇంజక్షన్ చేసినం, కానీ శానా లేటయింది."

గంట తిరక్కముందే రాణి పోయింది. డాక్టరు బయట మాతో అన్న మాట ఆమె చెవిన పడలేదు. తిరుగుదారిలో మేమూ ఆమెకు చెప్పలేదు.

నాలుగో రోజు కోటేశ్వరమ్మ కౌంటర్ దగ్గరికొచ్చింది. ఆమె తిట్టిపోస్తే బాగుండునని మనసారా కోరుకున్నాను. పాత కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"రాత్రిది ఏయలే బిడ్డా. మంచి గోలి పాడుజేసుడెందుకు, ఇంకెవరికన్న ఇయ్యి. గంత పెద్ద డాక్టరే కాపాడలే, నువ్వేం జేస్తవు? నా బీపీ గోలీలు ఇయ్యి."

చెప్పమని అతనికి కళ్లతో సైగ చేశాను. చెప్పలేకపోయాడు. చెప్పడానికి నాకూ ధైర్యం చాల్లేదు. అతను బీపీ గోలీలు కవరులో వేసి పెన్ను తీశాడు. పెన్ను కాగితం మీద ఆనింది, అంతే. చెయ్యి కదల్లేదు. అలాగే ఉత్త కవరు ఆమె ముందుకు జరిపాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సూర్యున్ని గియ్యలేదేంది బిడ్డా? నువ్వు గియ్యకుంటే నాకెట్ల తెలుస్తది?"